షుగర్ ఉన్నవాళ్లు ఒంటిని కదిలించడం ఎలా: మాత్రల చీటీ నుంచి చెప్పుల దాకా

షుగర్ అని తేలిన రోజు డాక్టరుగారు మూడు సంగతులు చెప్పి పంపిస్తారు. మాత్రలు వాడండి, అన్నం తగ్గించండి, వాకింగ్ చేయండి. మాత్రలకు చీటీ ఉంటుంది. తిండికి చాలాచోట్ల డైట్ చార్ట్ కూడా ఇస్తున్నారు. వాకింగ్ దగ్గరికి వచ్చేసరికి ఏ కాగితమూ ఉండదు. మాత్ర వేసుకున్నాక నడవాలా, ముందా? పరగడుపున నడిస్తే కళ్లు తిరుగుతున్నాయి, ఏం చేయాలి? మోకాళ్లు నొప్పి, అరికాళ్లు మంటలు, అయినా నడవచ్చా? ఇవన్నీ పార్కులో తోటివాళ్లను అడుగుతాం, ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. అందుకే ఆ మూడో చీటీని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది టైప్ 2 షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం. టైప్ 1 ఉన్నవాళ్లకు, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లకు లెక్కలు వేరు. వాళ్లు తమ డాక్టరు దగ్గరే ప్లాన్ రాయించుకోవాలి.

ఒక్క విషయం ముందే తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చాక, దాన్ని కండరాల్లోకి పంపే పని ఇన్సులిన్‌ది. టైప్ 2లో కండరాలు ఆ ఇన్సులిన్ మాట సరిగా వినవు. కానీ కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లోపలికి తీసుకుంటుంది. కదలిక ఆపేశాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటుంది. ఆ తర్వాత మళ్లీ మామూలే. వారమంతా కూర్చుని ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిస్తే పెద్దగా లాభం లేనిది అందుకే. వరుసగా రెండు రోజులకు మించి మానొద్దని నిపుణులు చెప్పేదీ అందుకే.

మొదటి పని: మీ మాత్రల పేర్లు చదవండి

బూట్లు కొనడానికన్నా ముందు ఇది చేయండి. మాత్రల అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు పేరు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవండి, లేదా మెడికల్ షాపులో అడగండి. అందులో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వీటిలో ఏదైనా ఉన్నా, మీరు ఇన్సులిన్ తీసుకుంటున్నా, నడిచినప్పుడు షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది. మన దగ్గర చాలామందికి రాసే కాంబినేషన్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కలిసే ఉంటుంది. ఆ సంగతి వాడేవాళ్లలో చాలామందికి తెలియదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్నా, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటివి వాడుతున్నా షుగర్ డౌన్ కావడం అరుదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకు మూత్రం ఎక్కువగా పోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వేసుకుంటుంటే గుండె దడ బయటపడదు. షుగర్ పడిపోతున్నా చేతుల వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమటలు మాత్రం పడతాయి. అలాంటివాళ్లు చేతి వాచీ చూపించే పల్స్ అంకెను నమ్ముకోకూడదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్నకు వద్దాం. టిఫిన్‌కు ముందు వేసుకోమన్న మాత్ర అయితే, నడిచి వచ్చి, మాత్ర వేసుకుని, టిఫిన్ తినండి. గ్లిమెపిరైడ్ మింగేసి, ఖాళీ కడుపుతో గంటసేపు పార్కు చుట్టూ తిరగడం చాలా ప్రమాదకరమైన అలవాటు. తెలిసినవాళ్లెవరైనా అలా చేస్తుంటే ఈరోజే ఆపించండి. ఇన్సులిన్ తీసుకుని నడవబోయేవాళ్లు తొడకు కాకుండా పొట్టకు వేసుకోవాలి. తొడకు వేసుకుని నడిస్తే మందు మామూలుకన్నా త్వరగా రక్తంలో కలుస్తుంది.

ఇన్సులిన్, లేదా షుగర్ పడిపోయేలా చేస్తాయని పైన చెప్పిన నాలుగు మందుల్లో (గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్, గ్లిబెన్‌క్లమైడ్) ఏదైనా వాడేవాళ్లు కొత్తల్లో నడకకు ముందు గ్లూకోమీటరుతో చూసుకోవాలి. 90 కన్నా తక్కువ ఉంటే ఒక చిన్న అరటిపండో, నాలుగు మేరీ బిస్కెట్లో తిని బయల్దేరండి. 250 దాటి ఉండి వికారం, వాంతులు, కడుపునొప్పి ఉంటే ఆ రోజు నడక వద్దు, డాక్టరుకు ఫోన్ చేయండి. జ్వరం ఉన్న రోజు కూడా అంతే.

జేబులో ఏముండాలి

చిన్న పొట్లంలో గ్లూకోజ్ పొడి, ఫోను, ఒక కాగితం. కాగితం మీద మీ పేరు, షుగర్ ఉందన్న మాట, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు. ఎదురింటి దాకా వెళ్తున్నా సరే.

చల్లగా చెమటలు, వణుకు, ఉన్నట్టుండి ఆకలి, ఊరికే చిరాకు, మాట తడబడటం: ఇవి షుగర్ డౌన్ అవుతున్న గుర్తులు. ఇల్లు దగ్గరే కదా, వెళ్లి చూసుకుందాం అనుకోవద్దు. ఉన్నచోటే ఆగి కూర్చోండి. 70 కన్నా తగ్గినా, మీటరు దగ్గర లేకపోయినా, మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగండి. నీళ్లు లేకపోతే అలాగే నోట్లో వేసుకోండి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోండి. ఇంకా 70 లోపే ఉన్నా, ఆ గుర్తులు పోకపోయినా మళ్లీ అంతే తీసుకోండి. తేరుకున్నాక ఏదైనా తినండి. చాక్లెట్ పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, అది ఆ సమయానికి పనికిరాదు.

పంచదార కాకుండా గ్లూకోజ్ పొడి అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మీ మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే మామూలు పంచదార పేగుల్లో త్వరగా విడిపోదు. మీరు పంచదార తింటూనే ఉంటారు, షుగర్ పెరగదు. ఇంట్లోవాళ్లకూ ఈ ముక్క చెప్పి ఉంచండి.

మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇంకో మాట: సాయంత్రం మామూలుకన్నా ఎక్కువ శ్రమ చేస్తే, షుగర్ అర్ధరాత్రి పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు అలాంటి రోజున పడుకునే ముందు ఒకసారి చూసుకోవాలి.

పాదాల సంగతి

షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. తగ్గిందని మనకు తెలియదు. చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు వేసేవాళ్లు, రాయి గుచ్చుకున్నా నొప్పి తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. నొప్పి తెలియకపోవడం వల్లే చిన్న బొబ్బ పుండుగా మారుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు సన్నని నైలాన్ పోగుతో అరికాళ్ల మీద తాకించి చూసే పరీక్ష చేయమని అడగండి. ఐదు నిమిషాల పని. ఏడాదికి ఒకసారైనా చేయించుకోవాలి.

స్పర్శ బాగుందంటే మామూలు వాకింగ్ బూట్లు చాలు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. అన్నిటికన్నా పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కాటన్ సాక్సులు వేసుకోండి. స్పర్శ తగ్గిందంటే ఎంసీఆర్ చెప్పులు అడగండి. మెత్తటి రబ్బరు అట్టతో, వెనక పట్టీతో వస్తాయి. హవాయి చెప్పులతో వాకింగ్ మాత్రం వద్దు. వేళ్లతో పట్టి నడవాల్సి రావడం వల్ల వేళ్ల సందుల్లో ఒరిపిడి వస్తుంది.

ఇక రోజూ చేయాల్సింది. బూటు తొడుక్కునే ముందు బోర్లించి దులపండి, లోపల చెయ్యి పెట్టి తడమండి. గులకరాయి, ఊడిన అట్ట, పిల్లలు పడేసిన బటన్, ఏదైనా ఉండొచ్చు. నడిచి వచ్చాక కాళ్లు కడుక్కుని వేళ్ల సందులు పొడిగా తుడవండి. అరికాలు కనపడకపోతే నేల మీద చిన్న అద్దం పెట్టి, దాని మీదుగా పాదం ఎత్తి చూడండి. ఎర్రబారిన చోటు, బొబ్బ, పగులు, ఆనె కోసం వెతకండి. మడమలకు కొబ్బరినూనె రాయొచ్చు, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు, అక్కడ తడి నిలిస్తే చర్మం పాడవుతుంది. ఆనెలను బ్లేడుతో కోసుకోవడం, కార్న్ ప్లాస్టర్లు వేయడం చేయకండి. పుండు కనపడితే అది మానేదాకా ఆ కాలి మీద నడక ఆపి, వెంటనే డాక్టరుకు చూపించండి. ఈలోపు కుర్చీలో కూర్చుని చేతులకు పని చెప్పొచ్చు.

మన వాళ్లకు మొక్కుల నడకలు ఎక్కువ. అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, సింహాచలం 32 కిలోమీటర్లు, అలిపిరి మెట్లు 3,550. చాలామంది చెప్పులు లేకుండానే నడుస్తారు. స్పర్శ బాగుండి, నెలల తరబడి నడక అలవాటున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి, గ్లూకోజ్ దగ్గర పెట్టుకుని వెళ్లొచ్చు. కాళ్లు మొద్దుబారినవాళ్లు మాత్రం దయచేసి ఉత్త కాళ్లతో నడవొద్దు. ఎండెక్కిన తారురోడ్డు మీద కాలిన సంగతి కూడా మీకు తెలియదు. గిరిప్రదక్షిణ ఆటోలో చేసినా దేవుడు కోపగించుకోడు.

తిన్నాక పది నిమిషాలు: ఇక్కడే మొదలుపెట్టండి

వాకింగ్ అనగానే తెల్లవారుజామున ఐదింటికి లేవడం అనుకుంటాం. లేవలేకపోతే ఆ రోజు అయిపోయినట్టే. నా ఉద్దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దీన్ని తిరగేసుకోవాలి. షుగర్ బాగా పెరిగేది తిన్న తర్వాత గంట, గంటన్నరలో. కండరాలకు ఆ సమయంలోనే పని చెబితే పెరిగే చక్కెర అక్కడికక్కడే కొంత ఖర్చవుతుంది.

న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీ వాళ్లు 2016లో ఈ విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. టైప్ 2 ఉన్న 41 మందిని కొన్నాళ్లు రోజుకు ఒకేసారి 30 నిమిషాలు నడవమన్నారు, కొన్నాళ్లు మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవమన్నారు. రెండిటిలోనూ నడక అరగంటే. కానీ తిన్నాక నడిచిన రోజుల్లో తిండి తర్వాతి షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత అయితే తేడా 22 శాతం. తొమ్మిదిన్నరకు అన్నం తిని, సీరియల్ చూస్తూ అలాగే నిద్రలోకి జారుకునే మన ఇళ్లకు ఈ అంకె మరీ ముఖ్యం.

నమ్మకం కుదరకపోతే మీ మీద మీరే చూసుకోవచ్చు. రెండు రోజులు ఒకే టిఫిన్ తినండి. మూడు ఇడ్లీలు, అదే చట్నీ, అంతే మోతాదులో. మాత్రలు ఎప్పటిలాగే వేసుకోండి. మొదటి రోజు తిన్నాక కూర్చుని పేపరు చదువుకోండి. రెండో రోజు తిన్న పదిహేను నిమిషాలకు లేచి పదిహేను నిమిషాలు నడవండి. రెండు రోజులూ తినకముందు ఒకసారి, మొదటి ముద్ద దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకు ఇంకోసారి షుగర్ చూసి రాసుకోండి. మొత్తం నాలుగు స్ట్రిప్పులు. తినకముందు అంకె ఏ రోజైనా కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, తిన్నాక ఎంత పెరిగిందన్నది చూడండి. ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా లేవనివాళ్లను తమ రక్తంలో తాము చూసుకున్న తేడా లేపుతుంది.

తిన్న వెంటనే పరుగులాంటి నడక అక్కర్లేదు, మామూలుగా నడిస్తే చాలు. డాబా మీద, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు, ఎక్కడైనా సరే. ఆడవాళ్లకు రాత్రిపూట వీధిలోకి వెళ్లాలంటే కుక్కలు, చీకటి, చూసేవాళ్ల కళ్లు, అన్నీ ఇబ్బందే. ఇంట్లోనే నడవండి, రోజూ ఫోన్ చేసే అక్కయ్యతో నడుస్తూ మాట్లాడండి. గుండె జబ్బు ఉండి, కడుపు నిండా తిని నడిస్తే ఛాతీలో బరువుగా ఉండేవాళ్లు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

వారానికి 150 నిమిషాల దాకా పెంచుకోవడం

ఎన్నాళ్లుగానో నడవనివాళ్లు ఐదు నిమిషాలతో మొదలుపెట్టినా తప్పులేదు. వారం వారం ఐదేసి నిమిషాలు పెంచండి. వారం మొత్తానికి 150 నిమిషాలు చేరాలి, అదీ కాస్త చురుగ్గా. చురుగ్గా అంటే ఎంతో తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు: పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఊపిరి అందకూడదు. పాట కూడా హాయిగా వస్తుంటే వేగం పెంచండి. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే తగ్గించండి.

ఇలాంటి నడక మొదలుపెట్టడానికి చాలామందికి ప్రత్యేక పరీక్షలు అక్కర్లేదు. జిమ్, పరుగు, షటిల్ లాంటివి కొత్తగా మొదలుపెడుతుంటే మాత్రం ముందు గుండె, బీపీ, కంటి రెటీనా చూపించుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. నిన్న అలవోకగా నడిచిన దూరానికే ఈరోజు ఆయాసం, దవడలోనో ఎడమచేతిలోనో లాగుతున్నట్టు ఉండటం, కారణం లేని చెమటలు, ఇవి గ్యాస్ అని ఊరుకోకూడదు. ఆగిపోయి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

"పొద్దస్తమానం ఇంటిపనే కదా, ఇంకా వాకింగ్ ఎందుకు?" అని అమ్మలు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చేత్తో బట్టలు ఉతకడం, ఇల్లు తుడవడం, బిందెలు మోయడం నిజంగా వ్యాయామమే. ఊపిరి కాస్త వేగంగా ఆడే పని ఏదైనా లెక్కలోకి వస్తుంది. స్టవ్ ముందు నిలబడి వండటం మాత్రం రాదు. నాట్లు వేసేవాళ్లకు, తాపీ పనికి వెళ్లేవాళ్లకు విడిగా వాకింగ్ అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది వేళకు తిండి, జేబులో గ్లూకోజ్, కాళ్లకు రక్షణ. బురదలో పనిచేసి వచ్చాక పాదాలు కడిగి, ఆరబెట్టి చూసుకోవడం వాళ్లకు అందరికన్నా ఎక్కువ అవసరం.

పార్కు గేటు దగ్గర ఒక ఇబ్బంది ఉంటుంది. అరగంట నడకకు ఖర్చయ్యేది 150 క్యాలరీలు, అటూ ఇటూగా. నడక అయ్యాక అందరూ కలిసి దోసె, టీకి వెళ్తే అంతకన్నా ఎక్కువే తిరిగి వస్తుంది. స్నేహితులను వదులుకోవద్దు, చక్కెర లేని టీతో సరిపెట్టుకోండి.

కండ పెంచే పనులు

మన దగ్గర దాదాపు అందరూ వదిలేసేది ఇదే. షుగర్ అంటే వాకింగ్ ఒక్కటే అనుకుంటాం. తిన్న చక్కెరలో ఎక్కువ భాగం చేరాల్సిన చోటు కండరం. వయసుతో అది కరిగిపోతూ ఉంటే ఎంత నడిచినా లాభం సగమే. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విడిచి, వీటిని చేయండి.

గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చోండి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. చేతులు ఆనించకుండా లేచి నిలబడండి, మెల్లగా మూడు అంకెలు లెక్కపెడుతూ మళ్లీ కూర్చోండి. ధబ్బున పడకూడదు, ఆ మెల్లగా కూర్చోవడంలోనే తొడలకు అసలు పని ఉంది. ఎనిమిదిసార్లు చేసి, ఒక నిమిషం ఆగి, ఇంకో ఎనిమిది. మోకాళ్లు నొప్పి ఉంటే కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచండి.

తర్వాత గోడకు చేతులు ఆనించి, ఒక అడుగు వెనక్కు జరిగి, మోచేతులు వంచుతూ గోడ వైపు వాలి వెనక్కు రావడం. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు వంచి చాపడం. ఒక్కోటి పదిసార్లు. తేలికైపోతే సంఖ్య పెంచండి. లేచేటప్పుడు, తోసేటప్పుడు ఊపిరి వదలండి, బిగబట్టకండి.

షుగర్ ఉన్నవాళ్లకు భుజం పట్టేయడం మామూలుకన్నా ఎక్కువ. రోజూ గోడ మీద వేళ్లతో పాకిస్తూ చేతిని పైకి తీసుకెళ్లి దించుతుంటే కీలు కదలిక తగ్గకుండా కొంత సాయపడుతుంది.

రెటీనాలో రక్తస్రావం ఉందని కంటి డాక్టరు చెప్పినవాళ్లు బరువులు ఎత్తడం, తల కిందికి పెట్టే ఆసనాలు మానేయాలి. సూర్యనమస్కారాలు మంచివే, కానీ అలాంటి కళ్లతో చేయొచ్చా లేదా అన్నది ఆ డాక్టరే చెప్పాలి.

కూర్చునే పని చేసేవాళ్లు

సాఫ్ట్‌వేర్ వాళ్లు, టైలర్లు, కిరాణా కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లు, బీడీలు చుట్టే అక్కలు. పొద్దున గంట నడిచినా, తర్వాత ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుంటే దాని నష్టం దానికి ఉంటుంది. అరగంటకోసారి లేచి మూడు నిమిషాలు అటూ ఇటూ తిరగండి. లేవడం కుదరని చోట కూర్చునే మడమలు ఎత్తి దించండి. నీళ్ల సీసా పక్కన పెట్టుకోకుండా దూరంగా పెట్టుకుంటే తాగడానికైనా లేస్తారు.

ఎండాకాలం

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఉదయం ఏడు దాటాక, సాయంత్రం ఆరులోపు బయట నడవొద్దు. మధ్యాహ్నం భోజనం తర్వాతి నడక ఇంట్లో ఫ్యాను కింద. నీళ్లు దాహం వేయకముందే తాగండి, కిడ్నీకో గుండెకో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలతే పాటించాలి. ఇన్సులిన్ పెన్నును బండి డిక్కీలోనో, ఎండలో పెట్టిన కారులోనో వదిలేయకండి, వేడికి మందు పనితనం పోతుంది.

పుస్తకంలో రాసుకోవాల్సినవి

ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, ఎప్పుడు ఎంతసేపు నడిచారు, ఆ రోజు చూసుకుంటే షుగర్ ఎంత, షుగర్ డౌన్ అయితే ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం తిన్నారు, ఇంతే రాయండి. హెచ్‌బిఏ1సి అనే రక్తపరీక్ష చూపించేది సుమారు మూడు నెలల షుగర్ సగటు, కాబట్టి రెండు వారాలకే మార్పు రాలేదని నిరాశపడొద్దు. గట్టిగా శ్రమపడిన వెంటనే చూస్తే షుగర్ కాసేపు పెరిగి కూడా కనిపించవచ్చు, దానికీ టెన్షన్ పడకండి.

నడక కుదురుకున్నాక పాత డోసు మీకు ఎక్కువైపోవచ్చు. పరగడుపు అంకెలు తరచూ 80ల్లోకి వస్తున్నా, వారంలో రెండుసార్లు షుగర్ డౌన్ అయినా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఏ మాత్ర తగ్గించాలో, ఎంత తగ్గించాలో ఆయన చెప్పేదాకా మీ అంతట మీరు దేన్నీ ఆపేయకండి.